జనం ఎక్కువా? గోడ ఇరుకా?



ఈసారి పాఠం ఒక మాట గురించి. ఆ మాట మీరు టీకొట్టు దగ్గర విని ఉంటారు, బస్సులో విని ఉంటారు, బహుశా మీరే అని ఉంటారు. "జనం మరీ పెరిగిపోయారండీ, అందుకే ఈ రోగాలు, ఈ అవస్థలు." కరోనా రోజుల్లో చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అని లేకుండా అందరి నోటా ఇదే. నేను బి.ఏ. చదివేటప్పుడు మాల్తస్ అనే ఆయన గురించి నోట్సులో రాసుకున్నాను. 1798లో ఇంగ్లండులో ఆయన చెప్పింది ఏమిటంటే, జనం గుణకారం లెక్కన పెరుగుతారు, తిండి కూడిక లెక్కన పెరుగుతుంది, మిగిలిపోయిన జనాన్ని కరువూ రోగమూ వచ్చి తగ్గిస్తాయి అని. పరీక్షలో పది మార్కుల ప్రశ్న. రాశాను, మార్కులు వచ్చాయి. ఆ ఆలోచన మాత్రం బుర్రలో ఒక మూల అట్లాగే కూర్చుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఒక రోజు నా నోట్లోంచి బయటకు వచ్చింది. ముందు ఆ సంగతి చెప్తాను. తర్వాత వైశాలికి పోదాం.

2020 ఏప్రిల్. లాక్‌డౌన్. మా వాడలో కుర్రాళ్లం కలిసి చందాలు వేసుకుని కార్డుకి ఐదు కేజీల బియ్యం, కేజీ కందిపప్పు, ఒక నూనె ప్యాకెట్ పంచుతున్నాం. లెక్క పుస్తకం నా చేతిలో ఉంది. చివరి వరసలో ఒక రేకుల ఇల్లు. ఒకటే గది, ముందు చిన్న పంచ. "ఎంతమంది అక్కా?" అన్నాను. "పదకొండు మంది" అంది.

నాకు చిరాకు వేసింది. పొద్దుటి నుంచి ఎండలో తిరుగుతున్నాను, అది కూడా ఒక కారణం అనుకోండి. "ఒక్క గదిలో పదకొండు మందా? దూరం దూరం ఉండమంటుంటే ఎట్లా ఉంటారు? పిల్లల విషయంలో కాస్త ముందే చూసుకోవాలి కదా అక్కా" అన్నాను.

ఆవిడ కోప్పడలేదు. చేతిలో చేట పక్కన పెట్టి, వేళ్లు మడుస్తూ లెక్క చెప్పింది. "నా పిల్లలు ఇద్దరే తమ్ముడూ. ఆపరేషన్ అయ్యి పద్దెనిమిదేళ్లు. నేనూ మీ బావా, మా అత్త. అదిగో వాళ్లు నలుగురు మా మరిది వాళ్లు, హైదరాబాదులో బిల్డింగు పని ఆగిపోతే లారీ ఎక్కి వచ్చేశారు, అక్కడ అద్దె ఎవరు కడతారు? ఆ పిల్ల మా ఆడపడుచు కూతురు, కడుపుతో ఉంది. ఆ ముసలామె పక్కింటామె. కొడుకు మద్రాసులో ఇరుక్కుపోయాడు. ఒక్కతే ఎట్లా ఉంటది? రమ్మన్నాను."

నేను పుస్తకంలో పదకొండు అని రాసుకున్నాను. కార్డు ఒకటే కాబట్టి ఒక ప్యాకెట్టే ఇచ్చి వచ్చేశాను. రూలు అది. ఆ రూలు పెట్టింది కూడా నేనే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను ఎక్కువమంది పిల్లల్ని కన్న ఇల్లు అనుకున్నది, తలుపు తీసి పెట్టిన ఇల్లు. అక్కడ ఉన్న గుంపు కన్న గుంపు కాదు, ఆదుకున్న గుంపు. మనం నోటితో కరుణ, మెత్త అని వల్లె వేస్తున్నది ఆవిడ గదిలో నేల మీద చాపలు పరిచి చేస్తోంది. నేనేమో ఆవిడకు కుటుంబ నియంత్రణ పాఠం చెప్పి వచ్చాను.

వైశాలి కథ

ఇప్పుడు వైశాలి. రతన సుత్తం మనలో చాలామందికి నోటికి వచ్చు. పరిత్త పాఠంలో చదువుతాం. అయితే ఆ సుత్తం వెనక అట్ఠకథలో చెప్పిన కథ తెలిసినవాళ్లు తక్కువ.

ఆ ఊరికి వైశాలి అనే పేరు ఎందుకు వచ్చిందో ముందు అందులోనే చెప్పారు. లిచ్ఛవుల వంశంలో పిల్లలు పుట్టారు, కవలలు కవలలుగా పుట్టారు, సంతానం పెరిగింది. ఉన్న ఊళ్లో ఇళ్లకూ తోటలకూ చోటు చాలలేదు. అప్పుడు ఊరి పెద్దలు ఏం చేశారు? పిల్లల్ని కనొద్దు అన్నారా? లేదు. కోట గోడ జరిపి ఊరిని పెద్దది చేశారు. మళ్లీ చాలలేదు, మళ్లీ జరిపారు. మూడుసార్లు విశాలం చేశారు కాబట్టి వైశాలి. పేరులోనే సంగతి ఉంది చూడండి. ఇది చరిత్రా కథా అని నన్ను అడగొద్దు, కథే అనుకోండి. కానీ ఆ కథ చెప్పుకున్నవాళ్ల మనసులో జనం పెరిగితే కదలాల్సింది గోడ.

తర్వాత ఆ ఊరికే కరువు వచ్చింది. వానలు లేవు, పంటలు ఎండాయి. అట్ఠకథ ఇక్కడ వరస తప్పకుండా చెబుతుంది, ఆ వరస గుర్తుపెట్టుకోండి. మొదట చచ్చిపోయింది పేదలు. వాళ్ల శవాలను ఊరి బయట పారేశారు. దహనం లేదు, పూడ్చడం లేదు, పారేశారు. ఆ కుళ్లు వాసనకు అమనుష్యులు ఊళ్లోకి వచ్చారు. ఆ తర్వాత మహమ్మారి అందుకుంది. అమనుష్యులు అంటే దయ్యాలని అప్పటివాళ్లు అనుకున్నారు. మనం ఈగలు, ఎలుకలు, చెడిన నీళ్లు అనుకుందాం. కరువు, పేదల చావు, శవాలకు కూడా మర్యాద లేకపోవడం, తర్వాత అందరికీ రోగం. మూడు భయాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇది ఉంటే అది వస్తుంది అనే పటిచ్చసముప్పాదం ఆ ఊరి వీధుల్లో అట్లా నడిచింది.

లిచ్ఛవులు బుద్ధుణ్ణి పిలిచారు. ఆయన రాజగృహం నుంచి గంగ దాటి వచ్చాడు. ఆయన నేల మీద కాలు పెట్టగానే పెద్ద వాన కురిసి శవాలను, మురికిని కొట్టుకుపోయిందట. ఆ తర్వాత ఆనందుడు భిక్షాపాత్రతో నీళ్లు చల్లుతూ ఊరంతా తిరిగి సుత్తం వినిపించాడు. ముందు వీధులు శుభ్రమయ్యాయి, తర్వాత సుత్తం. సుత్తం చదివితే వైరస్ పోతుందని ఎవరైనా మీకు చెబితే ఈ వరస చూపించండి. 2020లో అట్లాంటి వాట్సాప్ మెసేజీలు మన గుంపుల్లోనూ తిరిగాయి, సిగ్గుపడి ఒప్పుకోవాలి.

ఇంకో చోట, అంగుత్తర నికాయంలో, ఒక బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి సరిగ్గా మన ప్రశ్ననే తిరగేసి అడుగుతాడు. పూర్వం ఒక ఊరి కోడి ఎగిరితే పక్క ఊళ్లో వాలేంత దగ్గర దగ్గరగా జనం ఉండేవారట కదా, ఇప్పుడు ఊళ్లు పాడుబడి జనం ఎందుకు తగ్గిపోయారు అని. జనం తగ్గడమే ఆయన దిగులు. బుద్ధుడు చెప్పిన కారణాల్లో ఒకటి విసమలోభం. విసమ అంటే ఎగుడుదిగుడు, సమం కానిది. ఒకడి దగ్గర పోగుపడి ఇంకొకడి దగ్గర లేకుండా చేసే లోభం. దానివల్ల ఒకరినొకరు చంపుకుంటారు, వానలు తప్పుతాయి, పంటలు పోతాయి, జనం తగ్గుతారు అన్నాడు. చక్కవత్తి సీహనాద సుత్తంలోనూ ఇదే దారి. రాజు అన్ని ధర్మాలూ పాటించాడు, లేనివాళ్లకు ధనం ఇవ్వడం ఒక్కటి మానేశాడు. దాంతో పేదరికం, పేదరికంతో దొంగతనం, దాంతో కత్తులు, అబద్ధాలు, చివరికి మనిషి ఆయుష్షే కుంగిపోవడం. అదే సుత్తంలో మళ్లీ మంచి రోజులు వచ్చినప్పుడు జంబూద్వీపం రెల్లుపొదలాగా జనంతో కిటకిటలాడుతుందని ఉంది. కిటకిటలాడే జనం అక్కడ శాపం కాదు.

దీన్ని పట్టుకుని "ఇంకా కనండి" అని బుద్ధుడు అన్నాడని నేను చెప్పడం లేదు. ఆయన చూపు తలల లెక్క మీద కాక పంపకం మీద ఉంది, అంతే చెబుతున్నాను.

బొంబాయి గదులు

కథలు పక్కన పెట్టి లెక్కలు చూద్దాం. 1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. మాండ్వీ దగ్గర, రేవు పక్క ధాన్యం గిడ్డంగులు ఉండే చోట మొదలైంది. మిల్లుల్లో పని చేసే జనం చాళ్లలో ఉండేవారు. ఒక గది, అందులో రెండు మూడు కుటుంబాలు, గాలి రాదు, పక్కనే మురుగు. లక్షల మంది ఊరు వదిలి పారిపోయారు. రోగం కూడా వాళ్లతో పాటు పల్లెలకు వెళ్లింది. ప్రభుత్వం 1897లో అంటురోగాల చట్టం తెచ్చింది. మన కరోనా లాక్‌డౌన్ రోజుల్లో వాడింది కూడా ఆ చట్టాన్నే, గుర్తుంచుకోండి. 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి ఇరుకు సందులను కూలగొట్టడం మొదలుపెట్టారు. కూల్చిన ఇళ్లలోని పేదలకు సరిపడా ఇళ్లు కట్టలేదు. వాళ్లు పక్క సందుల్లోకి వెళ్లి ఇంకా ఇరుకుగా సర్దుకున్నారు. వైశాలిలో గోడ జరిపారు, బొంబాయిలో మనుషుల్ని జరిపారు.

ఇరవై ఏళ్ల తర్వాత 1918లో ఇన్‌ఫ్లుయెంజా. మన దేశంలో కోటీ ఇరవై లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారని అంచనాలు. 1911 నుంచి 1921 వరకు పదేళ్లలో దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. జనాభా లెక్కలు మొదలయ్యాక అట్లా తగ్గిన దశాబ్దం అదొక్కటే. ఇక ఎవరు చచ్చారు? బొంబాయి నగరం ఆరోగ్య శాఖ అప్పట్లోనే కులం వారీగా లెక్క కట్టింది. తక్కువ కులాలని వాళ్లు రాసుకున్న జనంలో వెయ్యికి 61.6 మంది. పార్శీలలో 9. యూరోపియన్లలో 8.3. ఒకే నగరం, ఒకే గాలి, ఒకే పురుగు. జనం ఎక్కువైతే రోగం వస్తుందనే మాట నిజమైతే ఆ నగరంలో ఉన్న అందరికీ ఒకేలా రావాలి కదా? వెయ్యికి ఎనిమిది ఎక్కడ, అరవై ఒకటి ఎక్కడ?

వందేళ్లు గడిచాయి. 2020 జులైలో ముంబైలో మూడు వార్డుల్లో రక్త పరీక్షలు చేశారు, ఎంతమందికి కరోనా తగిలి పోయిందో చూడటానికి. మురికివాడల్లో 57 శాతం మందికి తగిలింది. అదే వార్డుల్లో అపార్టుమెంట్లలో ఉన్నవాళ్లకు 16 శాతం. పది కుటుంబాలకు ఒక మరుగుదొడ్డి, దాని ముందు పొద్దున్నే వరస, ఆ వరసలో ఆరు అడుగుల దూరం ఎవరు కొలుస్తారు? "సామాజిక దూరం" అన్నారు. ఆ మాట విన్నప్పుడు మా నాన్న నవ్వాడు. "అది మనకి కొత్తా ఏంట్రా" అన్నాడు. కావలసింది శరీరాల మధ్య దూరం. అది ఉండాలంటే గది ఉండాలి. సమాజంలో దూరం మాత్రం ఎప్పుడూ పుష్కలంగానే ఉంది.

తిండి సంగతి కూడా చెప్పాలి, మాల్తస్ దాని గురించే కదా దిగులుపడింది. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వ గిడ్డంగుల్లో 5 కోట్ల టన్నులకు పైగా బియ్యం, గోధుమలు ఉన్నాయి. రోడ్ల మీద మనుషులు బిస్కెట్ ప్యాకెట్లు తింటూ నడుస్తున్నారు. మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధి ఇచ్చి దేశం మొత్తం మూసేశారు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా నుంచి మన ములుగు జిల్లాకు మిరపకాయలు కోయడానికి వచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ పాప, మూడు రోజులు అడవి దారిన నడిచి, సొంత ఊరు చేరేలోపే ప్రాణం వదిలింది. తర్వాత పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. మే 8న మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర రైలు పట్టాల మీద నిద్రపోయిన పదహారు మంది కూలీల మీద నుంచి గూడ్సు బండి వెళ్లింది. వీళ్లను జనాభా చంపిందా, వైరస్ చంపిందా?

నింద ఎవరి మీద పడుతుంది

"జనం ఎక్కువ" అన్నప్పుడు ఎవరూ తమని లెక్కలో వేసుకోరు. ఎక్కువైన జనం ఎప్పుడూ పక్క వీధిలోనే ఉంటారు. వాడలో ఉంటారు, బస్తీలో ఉంటారు, వేరే మతంలో ఉంటారు. ఆ మాట మెల్లగా నోటి నుంచి చేతికి వస్తుంది. 1976, 77 ఎమర్జెన్సీలో వచ్చింది. ఒక్క ఏడాదిలో 62 లక్షల మంది మగవాళ్లకు ఆపరేషన్లు చేశారు. రేషన్ కార్డు, ఉద్యోగం, జీతం, ఇంటి స్థలం అన్నీ ఆ సర్టిఫికెట్‌తో ముడిపెట్టారు. ఎక్కువగా దొరికింది పేదలు, దళితులు, ముస్లింలు. ఎన్నికల్లో దెబ్బ తగిలాక ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పోవడం మానేశాయి. భారం మొత్తం ఆడవాళ్ల మీదికి జరిగింది. 2014 నవంబరులో బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశాడు, 13 మంది చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఇట్లాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపేయమంది.

మన దగ్గర సంగతి చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 2.0. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. రెండు కంటే తక్కువ. 2023లో జనాభాలో చైనాను దాటాం అని పేపర్లు రాసినప్పుడు ఈ అంకెను పెద్ద అక్షరాల్లో ఎవరూ వేయలేదు. పిల్లలు తగ్గారు, పెళ్లీడు వయసు వాళ్లు ఎక్కువ ఉన్నారు కాబట్టి మొత్తం ఇంకొన్నాళ్లు పెరుగుతుంది, అంతే. మరి ఎట్లా తగ్గారు? అదే సర్వేలో దేశం మొత్తం మీద ఆడవాళ్ల ఆపరేషన్ 37.9 శాతం, మగవాళ్లది 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల ఆపరేషన్ దాదాపు 70 శాతం. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడపిల్లల్లో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. పదిహేడుకి పెళ్లి, ఇరవై రెండుకి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, తర్వాత నడుం నొప్పితో మిరప కోతకి. దీన్ని కుటుంబ సంక్షేమం అన్నారు. సంక్షేమం ఎవరిదో?

పైగా ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టారు. మూడో పాప పుట్టిన పాపానికి సర్పంచ్ కాలేకపోయిన మన ఆడవాళ్లు ఎంతమందో. ఇప్పుడు కథ తిరగబడింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆ నిబంధన తీసేసింది. ముసలివాళ్లు ఎక్కువైపోతున్నారు, పిల్లల్ని ఎక్కువ కనండి అని పెద్ద నాయకులు సభల్లో చెబుతున్నారు. నిన్న కనొద్దన్నారు, ఇవాళ కనమంటున్నారు. రెండుసార్లూ ఆ ఆడమనిషిని అడిగినవాళ్లు లేరు.

ఇక్కడ ఒక ప్రశ్న మీకు రావాలి. "అయితే పిల్లలు ఎంతమంది పుట్టినా ఫర్వాలేదా?" ఫర్వా ఉంది. మా వీధిలోనే నాలుగో కాన్పులో రక్తం పోయి చనిపోయిన వదిన ఉంది. ఎక్కువ కాన్పులు ఆడమనిషిని తినేస్తాయి, ఉన్న కూలి డబ్బుని ముక్కలు చేస్తాయి, పెద్ద ఆడపిల్ల బడి మానేసి చంటిదాన్ని ఎత్తుకుంటుంది. బాబాసాహెబ్ దీన్ని చాలా ముందు చూశాడు. 1938 నవంబరులో బొంబాయి శాసనసభలో ఆయన పార్టీ తరఫున పి.జె. రోహమ్ కుటుంబ నియంత్రణ సౌకర్యాలు కల్పించాలని తీర్మానం పెట్టాడు. సభ ఒప్పుకోలేదు, ఓడించింది. కానీ ఆ ప్రసంగంలో ఉన్న వాదన చూడండి. కాన్పు నొప్పి మగవాడు పడాల్సి వస్తే ఒక్క బిడ్డతో ఆపేసేవాడు అనే అర్థంలో అడిగారు. ఆడమనిషి ఒళ్లు, ఆరోగ్యం, ఆమె ఇష్టం అక్కడ మొదటి మాట. ఎమర్జెన్సీ వాళ్లకూ బాబాసాహెబ్‌కూ తేడా అక్కడే ఉంది. ఇద్దరూ పిల్లలు తక్కువ ఉండాలన్నారు. ఒకరు ఆమె చేతికి తాళం ఇమ్మన్నారు, ఒకరు ఆమెకే తాళం వేశారు.

హాలు తలుపు

ఇక రోగి దగ్గర ఏం చేయాలి అనేదానికి వినయ పిటకంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఎవరూ చూడటం లేదు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్లు తెమ్మని, తను నీళ్లు పోసి, ఆనందుడు కడిగి, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి ఎందుకు చూడలేదని అడిగితే వాళ్లు చెప్పిన జవాబు: అతను మాకేమీ చేయడు కాబట్టి. మీకు తల్లీ లేదు తండ్రీ లేదు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారన్నాడు. రోగికి చేసే సేవ తనకు చేసినట్టే అన్నాడు. 1897లో పుణె ప్లేగులో సావిత్రిబాయి ఫూలే ఊరి బయట కొడుకు యశ్వంత్ నడిపిన ఆసుపత్రికి రోగుల్ని చేర్చింది. మహర్ వాడలో ప్లేగు తగిలిన ఒక పిల్లవాణ్ణి వీపు మీద మోసుకొచ్చింది. ఆ పిల్లవాడు బతికాడు. ఆమెకు రోగం అంటుకుని మార్చి 10న చనిపోయింది.

మా వాడ అంత గొప్పది కాదు. 2021 మే నెల, రెండో వేవ్. ఆ రేకుల ఇంట్లో మరిదికి జ్వరం, దగ్గు. వేరే గదిలో ఉంచమని ఆశా అక్క చెప్పి వెళ్లింది. వేరే గది ఏది? మాకు ఒక కమ్యూనిటీ హాలు ఉంది, బుద్ధుడి బొమ్మ పెట్టుకున్నాం, ఆదివారం వందన అక్కడే. దాన్ని తెరుద్దామని నేను అన్నాను. మనవాళ్లే వద్దన్నారు. "హాలంతా అంటుకుంటది, రేపు పిల్లల ట్యూషన్ ఎక్కడ? బొమ్మ ముందు రోగుల్ని పెడతారా?" అని. రెండు రోజులు తగువు. ఆ రెండు రోజుల్లో ముసలి అత్తకూ తగిలింది. మూడో రోజు పక్కింటి ముసలామె, ఆ అక్క రమ్మన్నామె, చనిపోయింది. కొడుకు మద్రాసు నుంచి వచ్చి ఏడాది అయింది కానీ ఆ రోజు తనూ జ్వరంతోనే ఉన్నాడు. బంధువులు వీధి చివర నిలబడ్డారు. మోయడానికి నలుగురు కుర్రాళ్లు వచ్చారు, ప్లాస్టిక్ సూట్లు వేసుకుని. వాళ్లలో ఇద్దరు హాలు తెరవొద్దన్నవాళ్లే. సాయంత్రం వాళ్లే తాళం తెచ్చి ఇచ్చారు.

ఎనిమిది నవారు మంచాలు, నాలుగు ఫ్యాన్లు, కిటికీలన్నీ తీసి. ఇరవై రెండు రోజులు. వంట ఆ అక్కే చేసింది, మరిది భార్య సాయం. ఎవరి ఇంట్లో విడిగా గది లేదో వాళ్లకే అని ఒక్కటే రూలు. కులం, మతం, కార్డు ఏదీ అడగలేదు. పక్క వీధి నుంచి ఒక వడ్రంగి ఆయన, మసీదు దగ్గర నుంచి ఒక టైలరు కూడా వచ్చి పడుకున్నారు. మొదటి రోజు ఆ టైలరు నీళ్ల బాటిల్ ఎవరిది ఎవరు ముట్టుకోవాలో అని అటూ ఇటూ చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు హోటల్లో గ్లాసు తీసుకునేటప్పుడు మా తాత చూసిన చూపు. హాల్లో పెట్టిన ఎవరూ పోలేదు. అది మా గొప్ప కాదు, సీరియస్ అయినవాళ్లను ముందే పెద్దాసుపత్రికి తరలించాం. కాకపోతే ఇంకో పదిమందికి అంటకుండా ఆపాం అనుకుంటాను. బొమ్మకి ఏమీ కాలేదు.

ఈ పాఠాన్ని మీ ఊళ్లో వందన తర్వాత చదువుతారు కదా. చదివాక ఒక పని చేయండి. నలుగురు కలిసి మీ వాడ ఇల్లిల్లూ తిరగండి. ఎంతమంది ఉన్నారు అని మాత్రం అడిగి రాకండి. ఎన్ని గదులు, గదికి కిటికీ ఉందా, మంచినీళ్ల కుళాయి ఎన్ని ఇళ్లకు ఒకటి, మరుగుదొడ్డి ఉందా, ఉంటే నీళ్లు వస్తున్నాయా, పద్దెనిమిదిలోపు పెళ్లి మాట నడుస్తున్న ఆడపిల్ల ఉందా, బయట ఊళ్లో పనికి పోయినవాళ్లు ఎందరు, వాళ్ల రేషన్ అక్కడ దొరుకుతోందా, రేపు ఒకరికి జ్వరం వస్తే విడిగా పడుకునే చోటు ఏది. ఇవి రాసుకోండి. ఆడవాళ్ల విషయాలు ఆడవాళ్లే అడగాలి, మగవాళ్లు బయట నిలబడండి. రాసిన కాగితం పంచాయతీ ఆఫీసుకి ఒక కాపీ, సచివాలయం ఉన్న చోట అక్కడొకటి ఇచ్చి, రశీదు మీద స్టాంపు వేయించుకోండి. ఇళ్ల స్థలాల అర్జీ పెట్టేటప్పుడు ఈ లెక్క మీ చేతిలో ఉంటుంది. అలాగే మీ హాలు తాళం ఎవరి దగ్గర ఉంటుందో, అవసరం వస్తే ఎవర్ని అడగాలో ఇప్పుడే, రోగం లేనప్పుడే, మీటింగులో తేల్చుకోండి. అప్పుడు తగువుపడటానికి మాకు పట్టిన రెండు రోజులు మీకు పట్టకూడదు.

మా పాత లెక్క పుస్తకం ఇంకా ఉంది. ఆ ఇంటి వరసలో 11 పక్కన నేను అప్పట్లో ఎర్ర పెన్నుతో ఒక ప్రశ్న గుర్తు పెట్టాను. కొట్టేయలేదు. పక్కన ఇంకో గడి గీసి, గదులు: 1 అని రాశాను. 2022లో ఆ అక్క ఇంటి స్థలానికి అర్జీ పెట్టింది. రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి పెట్టేటప్పుడు ఆ పేజీ జిరాక్సు తీయించి ఇచ్చాను. ఇంకా రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నాం.